గోలీల వ్యసనానికి వైద్యం నడుస్తోంది, మనిషి బాగవుతున్నాడని దేన్ని చూసి చెప్పాలి? కొలమానాల పోలిక

ట్రమడాల్, టపెంటడాల్ గోలీలకో, నొప్పి సూదులకో, కోడీన్ ఉన్న దగ్గు మందుకో అలవాటు పడ్డ మనిషికి బ్యుప్రెనార్ఫిన్-నాలాక్సోన్ (ఆ అలవాటుకు వైద్యంగా నాలుక కింద పెట్టే మందు) మొదలుపెట్టి మూడు నెలలైంది అనుకుందాం. ఎట్లున్నాడని నలుగురిని అడగండి. యూరిన్ క్లీన్‌గా వచ్చిందంటాడు డాక్టరు. రిజిస్టర్ రాసే నర్సు అయితే ఒక్క రోజు తప్పకుండా వస్తున్నాడంటుంది. "ఇంట్ల పైసలు పోతలేవు, అంతే సాలు" అంటుంది తల్లి. అతన్నే అడిగితే "నిద్ర పడ్తలేదు సార్, కైకిలి పోబుద్ధి ఐతలేదు" అంటాడు.

నలుగురు చెప్పిందీ నిజమే. అయితే కేసు షీటులోకి ఎక్కేవి మాత్రం దాదాపు ఎప్పుడూ మొదటి రెండే. నాలుగోదాన్ని కూడా షీటులోకి ఎక్కించడానికి ఏయే పద్ధతులున్నాయి, వాటిలో ఏది ఎవరికి పనికొస్తుంది అన్నదే ఈ వ్యాసం. హనుమకొండ, వరంగల్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు చిన్న ఓపీలు, డీ-అడిక్షన్ సెంటర్లు నడిపేవాళ్లను, అక్కడ తిరిగే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

జవాబు వల్ల నిర్ణయం మారుతుందా? నింపిన ఫారం ఫైల్లో పడుకునేదైతే నింపకపోవడమే మేలు. డోసు పెంచాలా, నిద్ర సంగతి చూడాలా, కౌన్సెలింగ్‌కు భార్యను కూడా పిలవాలా అన్నవాటిలో కనీసం ఒకటైనా ఆ జవాబును బట్టి తేలాలి.

నిజం చెబితే ఏమవుతుంది? నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. "మొన్న ఒక గోలీ వేసుకున్నా" అని ఒప్పుకున్నవాడికి ఇంటికిచ్చే మందు ఆపేస్తే, లేదా ఆ సాయంత్రమే బాపుకు ఫోన్ పోతే, వచ్చే నెల నుంచి అన్ని ఫారాలూ బ్రహ్మాండంగా ఉంటాయి. కొలమానం ఎంత మంచిదైనా ఆ సెంటర్లో ఇక పనిచేయదు.

ఏ భాషలో, ఎవరు అడుగుతారు? తెలుగు చదవడం రానివాళ్లు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉంటారు. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లలో లంబాడీ మాట్లాడేవాళ్లూ ఉంటారు. కాగితం చేతికిచ్చి నింపమనేది ఇక్కడ చాలామందికి కుదరదు, ఎవరో చదివి వినిపించాలి. ఆ చదివేది మందు ఇచ్చే మనిషి కాకుండా ఉంటే నయం.

ఇక టైం. నలభై మంది ఉన్న ఓపీలో ఒక్కొక్కరికి గంట ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఎంత కాలానికి ఒకసారి అడిగితే మార్పు తెలుస్తుందన్నది కూడా కొలమానాన్ని బట్టి మారుతుంది. ఆ రెండూ కింది పట్టికలో ఉన్నాయి.

| కొలమానం | ఏం అడుగుతుంది | ఎంత వెనక్కి చూస్తుంది | పట్టే టైం | ఎన్నాళ్లకోసారి |
|---|---|---|---|---|
| యూరిన్ టెస్ట్ | ఫలానా మందు ఒంట్లో ఉందా | చాలా మందులకు రెండు మూడు రోజులు | కొన్ని నిమిషాలు | అవసరాన్ని బట్టి |
| హాజరు రిజిస్టర్ | చికిత్సలో ఉన్నాడా | మొదటి రోజు నుంచి | విడిగా అక్కర్లేదు | ఎప్పుడూ |
| అడిక్షన్ సివియారిటీ ఇండెక్స్ | ఏడు జీవిత రంగాలు | 30 రోజులు, మొత్తం జీవితం | 45 నిమిషాల నుంచి గంట | మొదట్లో, తర్వాత ఆరు నెలలకు |
| ట్రీట్‌మెంట్ అవుట్‌కమ్స్ ప్రొఫైల్ | వాడకం, సూది ప్రమాదం, నేరం, ఆరోగ్యం, పని | 28 రోజులు | కొద్ది నిమిషాలు | నెల నుంచి మూడు నెలలు |
| బ్రీఫ్ అడిక్షన్ మానిటర్ | వాడకం, ప్రమాదాలు, అండగా ఉన్నవి | 30 రోజులు | సుమారు ఐదు నిమిషాలు | నెలకు |
| డబ్ల్యూహెచ్ఓ జీవన నాణ్యత చిన్న ఫారం | ఒళ్లు, మనసు, సంబంధాలు, పరిసరాలు | రెండు వారాలు | పది, పదిహేను నిమిషాలు | ఆరు నెలలు |
| ష్యూర్ | కోలుకోవడం | ఒక వారం | కొద్ది నిమిషాలు | నెల, రెండు నెలలు |
| సొంత లక్ష్యాల షీటు | పేషెంటు చెప్పిన రెండు మూడు మార్పులు | మీరు పెట్టుకున్నంత | మొదటిసారి అరగంట, తర్వాత ఐదు నిమిషాలు | ప్రతి విజిట్ |

## యూరిన్ టెస్ట్: అందరూ నమ్మేది, కొద్దిమందే సరిగ్గా చదివేది

స్ట్రిప్ మీద గీత వచ్చిందా లేదా అన్నది కంటికి కనిపించే సాక్ష్యం కాబట్టి కుటుంబాలకు దీని మీద గురి ఎక్కువ. దాని హద్దులు తెలియకపోతే మాత్రం తిప్పలే.

మామూలు ఓపియేట్ స్ట్రిప్ మార్ఫిన్ కోసం తయారైంది. మార్ఫిన్, కోడీన్, హెరాయిన్ అందులో తేలుతాయి. ట్రమడాల్, టపెంటడాల్ తేలవు. మన దగ్గరి కేసుల్లో సగం గొడవ ఈ గోలీలతోనే అయినప్పుడు, ఆ స్ట్రిప్ పెట్టి "క్లీన్" అని రాయడంలో అర్థం లేదు. ఒక్కోదానికి విడిగా స్ట్రిప్ కావాలి. బ్యుప్రెనార్ఫిన్‌కూ అంతే. ఇచ్చిన మందు నాలుక కింద కరిగిందా, జేబులో పెట్టుకుని బయట అమ్ముకున్నాడా అన్నది తెలియాలంటే బ్యుప్రెనార్ఫిన్ స్ట్రిప్పే పెట్టాలి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఆదివారం మటన్ కూరలో గసగసాలు దండిగా నూరి వేస్తే మార్ఫిన్ స్ట్రిప్ పాజిటివ్ రావచ్చు, ఎందుకంటే గసగసాల్లో ఆ అంశం కొద్దిగా నిజంగానే ఉంటుంది. జ్వరానికో, మూత్రంలో మంటకో ఊళ్లో ఆర్ఎంపీ రాసిచ్చే లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ కూడా కొన్ని స్ట్రిప్‌లను తప్పుదారి పట్టిస్తాయి. అందుకే పాజిటివ్ వచ్చినప్పుడు మనిషిని నిలదీయడానికి ముందు ఏం తిన్నాడు, ఏ మందులు మింగాడు అని అడగాలి. పెద్ద నిర్ణయం ఏదైనా దాని మీద ఆధారపడి ఉంటే ల్యాబులో నిర్ధారణ పరీక్ష చేయించాలి.

ఇదంతా సరిచూసుకున్నా యూరిన్ చెప్పేది ఒక్కటే, మందు ఒంట్లో ఉందా లేదా. రోజుకు ఇరవై గోలీల నుంచి వారానికి ఒకటికి దిగినవాడు, ఏమాత్రం తగ్గించనివాడు ఇద్దరూ స్ట్రిప్ మీద ఒకటే. మనిషి కోణంలో చూస్తే వాళ్ల మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

పెట్టొద్దని నా ఉద్దేశం కాదు. చికిత్స మొదట్లో, డోసు సరిచేసే రోజుల్లో అది ఉపయోగమే. శిక్ష కోసం కాకుండా మాట్లాడుకోవడానికి వాడితే చాలు.

## హాజరు రిజిస్టర్: చులకన చేయొద్దు, నెత్తిన పెట్టుకోవద్దు

చికిత్సలో నిలవడం నేరుగా ప్రాణానికి సంబంధించిన సంగతి. బీఎంజే అనే వైద్య పత్రికలో 2017లో వచ్చిన సమీక్ష ప్రకారం మెథడోన్ (బ్యుప్రెనార్ఫిన్ లాంటిదే ఇంకో చికిత్స మందు) తీసుకుంటున్న కాలంలో వెయ్యి మందికి ఏడాదికి 11.3 మరణాలుంటే, మానేసిన కాలంలో 36.1. బ్యుప్రెనార్ఫిన్‌కు ఆ అంకెలు 4.3, 9.5. మానేసిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదం. ఒంటికి పాత తట్టుకునే శక్తి పోయి ఉంటుంది, మనిషి మాత్రం పాత డోసే వేసుకుంటాడు.

కాబట్టి "రావడం మానేశాడు" అన్న గడి ఖాళీగా ఉంచొద్దు, పక్కన కారణం రాయండి. పత్తి ఏరే రోజులా, మిర్చి కోతలా, భీవండికో సూరత్‌కో పనికి పోయాడా, మేడారం జాతరకు పోయి అక్కడ పాత దోస్తులు కలిశారా? ఒక్కో కారణానికి చేయాల్సిన పని వేరు.

రిజిస్టర్‌కు కనపడనిది ఇంకొకటుంది. రోజూ సెంటర్‌కు వచ్చి ఎదురుగా మందు వేసుకోవాలన్న పద్ధతిలో హాజరు నూటికి నూరు ఉండొచ్చు, అదే టైంకు లేబర్ అడ్డా మీద పని దొరికే గంట దాటిపోతుంది. సెంటర్ లెక్కలో అతను మంచి పేషెంటు, ఇంట్లో మాత్రం సంపాదన లేని మొగుడు. రోజూ వచ్చేవాళ్లను "ఇక్కడికి రావడం వల్ల ఎన్ని కూలీలు పోయాయి?" అని నెలకోసారైనా అడగాలి.

## పెద్ద ఇంటర్వ్యూ, చిన్న ఫారాలు

అడిక్షన్ సివియారిటీ ఇండెక్స్ 1980లో అమెరికాలో వచ్చింది. ఆరోగ్యం, ఉద్యోగం, మద్యం, డ్రగ్స్, చట్టపరమైన చిక్కులు, కుటుంబం, మానసిక స్థితి అని ఏడు రంగాలు. లోతైనదే, కానీ గంట పడుతుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ట్రైనింగ్ కావాలి. థీసిస్ చేసే పీజీ విద్యార్థికి సరిపోతుంది. ఓపీకి వద్దు.

టాప్ అని పిలిచే ట్రీట్‌మెంట్ అవుట్‌కమ్స్ ప్రొఫైల్ ఇంగ్లండ్‌లో 2007లో మొదలైంది. ఇరవై అంశాలు, గడిచిన నాలుగు వారాలు. వారం వారంగా ఎన్ని రోజులు వాడావని అడుగుతుంది కాబట్టి "తగ్గింది" అన్నది అంకెల్లో కనిపిస్తుంది. మానసిక ఆరోగ్యం, శారీరక ఆరోగ్యం, జీవన నాణ్యత ఈ మూడింటికి పేషెంటే సున్నా నుంచి ఇరవై వరకు మార్కులు వేసుకుంటాడు. నాకు నచ్చేది ఆ భాగం. చిక్కు మాత్రం నేరం గురించిన ప్రశ్నలతో. దొంగతనం చేశావా, గోలీలు అమ్మావా అని మన దగ్గర అడిగితే ముఖం మూసుకుపోతుంది. మత్తు మందుల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, సొంత వాడకం లేదా చిన్న మోతాదు కేసుల్లో గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవారికి రక్షణ ఇస్తుంది. అమ్మినట్టు ఒప్పుకున్నా ఆ రక్షణ దొరుకుతుందని అనుకోలేం. అందుకే ఆ ప్రశ్నకు రాతపూర్వక జవాబు ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేని సెంటర్ దాన్ని అడగకపోవడమే న్యాయం.

బ్రీఫ్ అడిక్షన్ మానిటర్ అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల కోసం చేసింది, 17 ప్రశ్నలు. వాడకం, ప్రమాదాలతో పాటు మనిషిని నిలబెట్టేవి కూడా అడుగుతుంది: పని, ఆదాయం, విశ్వాసం, అండగా ఉన్నవాళ్లు. ఓపీలో నెలనెలా వాడటానికి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను. ఏం పోయిందో ఒక్కటే కాకుండా ఏం ఉందో కూడా అడుగుతుంది కాబట్టి మాట సాఫీగా సాగుతుంది.

ఈ రెండింటికీ ఇక్కడ ఒక వరుస అదనంగా కలపాలి, అది కల్లు. ఉత్తర తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారన్నది కొత్త సంగతి కాదు. గోలీలు మానేసి సాయంత్రం కల్లు దుకాణం పట్టినవాడు "ఇప్పుడు మందు తాగుతలేను, కల్లే" అంటాడు, అబద్ధమేమీ కాదు. అయితే బ్యుప్రెనార్ఫిన్ మీద అల్ప్రాజోలం పడితే ఊపిరి మందగించే ప్రమాదముంది. విదేశీ ఫారంలో కల్లుకు వేరే గడి ఉండదు, మద్యం గడి కింద ఇది దాక్కుంటుంది. "ఎన్ని సీసాలు, తాగని రోజు చేతులు వణుకుతున్నాయా" అని విడిగా అడగాలి.

డబ్ల్యూహెచ్ఓ 26 ప్రశ్నల ఫారం ఏ జబ్బుకైనా వాడొచ్చు, వేరే రోగులతో పోల్చుకోవచ్చు. అందులో ఇల్లు, డబ్బు, రవాణా కూడా ఉంటాయి కాబట్టి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర పడిన నెలలో స్కోరు కూడా పడుతుంది. చికిత్స తప్పేం లేదు. ఆరు నెలలకోసారి చాలు.

ష్యూర్ అన్నది లండన్ పరిశోధకులు కోలుకుంటున్నవాళ్లతోనే కూర్చుని తయారుచేసి 2016లో ప్రకటించిన 21 ప్రశ్నల ఫారం. వాడకం, తన బాగోగులు చూసుకోవడం, సంబంధాలు, వసతులు, జీవితం మీద దృష్టి అని అయిదు భాగాలు. కూర్పులో ఇదే పేషెంటుకు దగ్గరగా ఉంటుంది. వసతుల భాగంలో ఇల్లు ఉందా అన్న ప్రశ్న ఇక్కడ పెద్దగా పనిచేయదు, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటారు, ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడమే బాధ. సంబంధాల భాగం మాత్రం బంగారం. మూడో నెల దాటినవాళ్లకు ఇది బాగుంటుంది.

పైవాటిలో దేన్నైనా సొంతంగా అనువదించి వాడేయకండి. తయారుచేసినవాళ్ల అనుమతి, ఇద్దరు విడివిడిగా చేసిన అనువాదం, తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి సరిచూడటం, నలుగురైదుగురు పేషెంట్లకు చదివి వాళ్లకేం అర్థమైందో అడగడం – ఇవన్నీ కావాలి.

## సొంత లక్ష్యాల షీటు

1968లో కిరేసుక్, షెర్మన్ అనే ఇద్దరు అమెరికాలో గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ అని ప్రతిపాదించారు. ప్రశ్నలు ముందే రాసి ఉండవు. పేషెంటే రెండు మూడు లక్ష్యాలు చెబుతాడు, ఒక్కోదానికి మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు వరకు ఐదు మెట్లు ఇద్దరూ కలిసి రాస్తారు. సున్నా అంటే అనుకున్నంత జరిగింది అని.

మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ ఒకతను వచ్చాడనుకోండి. నడుం నొప్పికి మొదలైన గోలీ ఇప్పుడు లేనిదే లేవనివ్వదు. "అన్నా, ఏం మారితే బాగైనట్టు?" అని అడిగితే మొదట "గోలీ బందైతే సాలు" అంటాడు. ఇంకొంచెం ఆగితే అసలు మాట వస్తుంది: "పొద్దుగాల ఒళ్లు గుంజకుంట లేచి బస్తా ఎత్తాలె." అప్పుడు షీటు ఇలా ఉంటుంది:

- మైనస్ 2: ఒళ్లు గుంజి వారంలో ఒక్క రోజూ పనికి పోలేదు
- మైనస్ 1: వారానికి ఒకటి రెండు రోజులు పోయాడు
- సున్నా: మూడు నాలుగు రోజులు పోయాడు
- ప్లస్ 1: ఐదు రోజులు
- ప్లస్ 2: మార్కెట్ నడిచిన ప్రతి రోజూ

రెండో లక్ష్యం వారం కూలి ఇంటామె చేతికి ఇవ్వడం కావచ్చు, మూడోది నిద్ర. మలబద్ధకం, చెమటలు, దాంపత్యంలో ఇబ్బంది లాంటివి చాలా ఫారాల్లో సరిగా ఉండవు, మందు మానేయడానికి మాత్రం అవే కారణమవుతాయి. ఈ షీటులో వాటికి చోటుంది.

లోపాలు తక్కువేం కాదు. ఒకరి స్కోరు ఇంకొకరితో పోల్చలేం. నిధులిచ్చేవాళ్లకు దీన్ని చూపిస్తే పెదవి విరుస్తారు. కొందరు తేలికైన లక్ష్యం చెప్పి ప్లస్ రెండు కొట్టేస్తారు. అసలు ఇబ్బంది, పేషెంటు కోరిక వైద్యానికి అడ్డం పడినప్పుడు. కెనడాలో చికిత్సలో ఉన్నవాళ్లను లక్ష్యమేమిటని అడిగినప్పుడు మందు తగ్గించుకుని మానేయడం అన్నది బాగా వినిపించిన జవాబుల్లో ఒకటి. ఇక్కడా అంతే, "ఇంకెన్ని రోజులు ఈ గోలీ సార్?" అన్నది రెండో విజిట్‌లోనే వస్తుంది. దాన్ని కొట్టేయొద్దు, రాయండి. దాని పక్కనే పైన చెప్పిన మరణాల అంకెలు కూడా చెప్పి, ఏ మెట్లు ఎక్కాక తగ్గించడం మొదలుపెడదామో కలిసి నిర్ణయించుకోండి.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇంకో లక్ష్యం వస్తుంది: మళ్లీ గల్ఫ్ పోవాలి. యూఏఈలో ట్రమడాల్ నియంత్రిత మందు, ముందస్తు అనుమతి లేకుండా ఇలాంటి మందులు వెంట తీసుకెళ్తే జైలే. ఈ లక్ష్యం మొదటి రోజే తెలిస్తే ఏ మందు, ఎన్నాళ్లు అన్న ప్లాన్ వేరే. ఏ యూరిన్ స్ట్రిప్పూ ఈ ముక్క చెప్పదు.

## మీకు ఏది?

ఒక్క డాక్టర్, ఒక్క అసిస్టెంట్ ఉన్న ప్రైవేటు క్లినిక్. లక్ష్యాల షీటు, దానికి తోడు కల్లు వరుస కలిపిన బ్రీఫ్ అడిక్షన్ మానిటర్ నెలకోసారి. యూరిన్ అవసరమైనప్పుడు. ఇంతకు మించి మొదలుపెడితే రెండు నెలల్లో అన్నీ ఆగిపోతాయి.

ప్రభుత్వ ఓపీ, మందు పంపిణీ సెంటర్. పైకి పంపాల్సిన రిపోర్టులో హాజరు, డోసు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు ఆరోగ్యం, జీవన నాణ్యత మీద పేషెంటే వేసుకునే మార్కులు, పోయిన కూలీల ప్రశ్న కలిపితే చాలు. రోజూ వచ్చేవాళ్లలో ఎవరికి మందు ఇంటికి ఇవ్వవచ్చో మాట్లాడేటప్పుడు ఆ అంకెలే చేతిలో ఉండే ఆధారం.

లోపల పెట్టుకుని వైద్యం చేసే సెంటర్. డిశ్చార్జి రోజున కొలిచి "తొంభై శాతం బాగైనారు" అని బోర్డు పెట్టడం అన్యాయం. తాళం వేసిన గేటు లోపల ఎవరైనా క్లీన్‌గానే ఉంటారు. ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల ఫోన్ చేసి అడిగినదే లెక్క. ఫోన్ ఎత్తనివాళ్లను కూడా లెక్కలో చూపించాలి. తట్టుకునే శక్తి తగ్గి బయటికి వచ్చినవాళ్లకు మొదటి వారమే ఫోన్ వెళ్లాలి.

కుటుంబం. మెడికల్ షాపులో స్ట్రిప్ కొని ఇంట్లో పరీక్షలు చేయొద్దు, దానితో తగాదాలే మిగులుతాయి. చేరేముందు సెంటర్‌ను ఇవి అడగండి: బాగైనట్టు మీరు దేన్ని చూసి చెప్తారు? మావాణ్ని అడిగారా? మళ్లీ వాడితే ఏం చేస్తారు? ఇంటికొచ్చాక ఎన్నాళ్లు ఫోన్ చేస్తారు? మూడో ప్రశ్నకు "పంపించేస్తాం" అన్న జవాబు వస్తే వేరే చోటు చూసుకోండి.

మీ అభిప్రాయం కూడా ముఖ్యమే, కానీ దాన్ని వేరే కాగితం మీద రాయమనండి. కొడుకు మార్కుల్లో తల్లి మార్కులు కలపకూడదు. అతని కాగితంలో ఏముందో మీకు చూపించాలంటే అతని ఒప్పుకోలు కావాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 23వ సెక్షన్ ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది. చూపించలేదని సెంటర్ మీద కోపం పెట్టుకోకండి, ఆ హామీ ఉన్నందుకే అతను అక్కడ నిజం చెబుతున్నాడు.

ఎక్కడికి పోవాలో తెలియకపోతే వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలిమానస్ 14416. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.